గాలి పీల్చిన గొట్టము



ఈ మాసము నీకు ఒక పాత మోటారు బండిని గూర్చి వ్రాయుచున్నాను. భక్తి మాసపత్రికలో బండి మాట యెందుకని నీవు నవ్వుకొనవచ్చును. నవ్వినను సరే, తుదవరకు చదువుము. నీ యింట డీజిలు బండి యున్నయెడల, చలికాలపు ఉదయమున నీకు పనికివచ్చు సంగతులు కొన్ని యిందులో నున్నవి. బండి లేనియెడల, నీవు అనుమానించిన మనిషి యొకడైన నీ యింట నుండవచ్చును. అతని నిమిత్తమైనను చదువుము.

నేను పామూరు ప్రాంతమున సంఘ కాపరిని. ఏబది యేండ్లు దాటినవాడను. వేదాంత కళాశాలలో గ్రీకు భాష కొంత నేర్చితిని గాని యంత్రముల సంగతి ఎవరును నాకు నేర్పలేదు. మా సంఘస్థులు ఒక్క చోట లేరు. కనిగిరి దారిని, చంద్రశేఖరపురము దారిని, ఉదయగిరి దారిని చెదరియున్న పల్లెలలో నున్నారు. వానలు తక్కువైన నేల. కందియు పొగాకును వేసికొని బ్రదుకువారు కొందరు. పంట పోయిన యేట హైదరాబాదుకో బెంగుళూరుకో మూట గట్టుకొని పోవువారు కొందరు. అట్టి పల్లెలనుండి రాత్రివేళ పిలుపు వచ్చిన, బస్సు దొరకదు. అందుచేత 2012వ సంవత్సరమున, పదునైదేండ్లు నిండి మరల రిజిస్ట్రేషను చేయించుకొనిన యొక డీజిలు అంబాసిడరు కారును తక్కువ వెలకు కొంటిని. కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో ఆ కార్ల తయారీ 2014లో నిలిచిపోయెను గనుక ఇప్పుడు క్రొత్తవి దొరకవు. నా బండిలో నున్నది 1489 ఘన సెంటీమీటర్ల పాత డీజిలు ఇంజను. పరుగు తక్కువ, చప్పుడు ఎక్కువ, ఓపిక మరియెక్కువ. గతుకుల దారిని ఆరుగురిని ఎక్కించుకొని పోవుటకు ఇంతకంటె మంచి బండి నాకు తెలియదు.

మా ఆవరణ ప్రక్కనే ఒక విధవరాలును ఆమె కుమారుడును ఉండిరి. పదియవ తరగతి తరువాత ఆ పిల్లవాని చదువు సాగలేదు. మా యింటనే భోజనము చేయుచు, బండి కడుగుట, డీజిలు తెచ్చి పోయుట, రాత్రి బండిని లోపల పెట్టుట మొదలగు పనులు చేయుచుండెను. లైసెన్సు వచ్చిన తరువాత నన్ను పల్లెలకు తీసికొనిపోవువాడు అతడే. నెమ్మదియైనవాడు. అడిగినదానికి జవాబు చెప్పును. మనము మధ్యలో అడ్డగించిన, ఇక చెప్పడు.

మా ఆవరణ చదునైనది కాదు. మందిరమువైపు ఎత్తు, వీధివైపు పల్లము. బండి మొగము మందిరమువైపు ఉండునట్లు నిలుపుట నాకు అలవాటు. ఈ కుర్రవాడు 2017వ సంవత్సరము చలికాలము మొదలైనప్పటినుండి, రాత్రి బండిని త్రిప్పి మొగము వీధివైపు పెట్టసాగెను.

“ఊరికే తిప్పి తిప్పి డీజిలెందుకు తగలేస్తావురా?” అని కసిరితిని.

“అట్ట పెడితే తెల్లారి తొందరగా లేస్తాది అయ్యగారూ,” అనెను.

పల్లమున తోయుట సులువని అతని తలంపు కాబోలు ననుకొని, “తోసే బండి కాదురా మనది, సెల్ఫ్ ఉంది,” అని మందలించితిని. చదువరీ, ఈ మాటను జ్ఞాపకముంచుకొనుము.

ఆ డిసెంబరులో బండికి ఉదయపు జబ్బు పట్టుకొనెను. ఒకసారి లేచిన పిమ్మట దినమంతయు చక్కగా తిరుగును. వేడిగా నున్నప్పుడు తాళము త్రిప్పిన వెంటనే లేచును. రాత్రియంతయు నిలిపి తెల్లవారి త్రిప్పిన మాత్రము, సెల్ఫు తిరుగునే గాని ఇంజను అందుకొనదు. అదియు ప్రతి దినము కాదు. కొన్ని దినములు ఒక్క పిలుపునకే లేచును. కొన్ని దినములు నలుగురు వచ్చి వీధిలో తోయవలెను.

అందరివలెనే నేనును మొదట బ్యాటరీని అనుమానించితిని. పదే పదే త్రిప్పిన పిమ్మట దీపములు ఎర్రబారుచుండెను గదా! క్రొత్త బ్యాటరీ కొంటిని. నా మొదటి తప్పు అదియే. బండి లేవక నేను మరల మరల త్రిప్పినందున బ్యాటరీ నీరసించెను. ఆ నీరసమును చూచి అదే కారణమనుకొంటిని. దీనిని తెలిసికొనుట కష్టము కాదు. తెల్లవారి మొట్టమొదటి త్రిప్పునకే దీపములు వేసి చూడవలెను. అవి బొత్తిగా మసకబారి, సెల్ఫు బరువుగా మూలిగినయెడల, తప్పు బ్యాటరీలోనో, దాని కొనలకు పట్టిన తెల్లని చిలుములోనో, ఎర్తు తీగెలోనో యుండును. మీటరున్నయెడల, త్రిప్పుచున్నప్పుడు 12 వోల్టుల బ్యాటరీ 10 వోల్టులకు బాగుగా దిగువకు పడిపోవునేమో చూడవచ్చును. సెల్ఫు చురుకుగా తిరుగుచుండియు ఇంజను లేవనిచో, వెదకవలసిన చోటు వేరు. నా సెల్ఫు మొదటి త్రిప్పున చురుకుగానే తిరుగుచుండెను. నేను వినలేదు.

ఇచ్చట డీజిలు ఇంజను పనిచేయు విధము కొంచెము చెప్పవలసియున్నది. 1858లో పారిసు నగరమున పుట్టిన రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఔగ్స్‌బర్గు పట్టణమున దీనిని జయప్రదముగా నడిపి చూపెను. 1900లో పారిసు ప్రదర్శనమున ఇట్టి ఇంజనొకటి మన మెట్టచేలలో పండు వేరుసెనగ నూనెతోనే నడిచినది. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించుటకు ప్లగ్గు కలదు. డీజిలు ఇంజనునకు అట్టి రవ్వ లేదు. సైకిలు పంపుతో గాలి కొట్టునప్పుడు పంపు అడుగు వేడెక్కుట నీవెరిగినదే. అట్లే సిలిండరులోని గాలిని ఇంచుమించు ఇరువదవ వంతునకు అదిమిన, అది 500 డిగ్రీలు దాటి కాగును. ఆ కాగిన గాలిలోనికి డీజిలును నూరు వాతావరణములకు మించిన ఒత్తిడితో సన్నని తుంపరగా చిమ్మిన, అది తనంతట తానే అంటుకొనును. కాబట్టి చలి ఉదయమున మూడు సంగతులు కుదురవలెను. మొదటిది, సిలిండరు బిగువుగా నుండి చురుకుగా తిరుగవలెను. రెండవది, చల్లబడిన యినుము ఆ వేడిని మ్రింగివేయును గనుక హీటరు ప్లగ్గులు ముందుగా కొంత వేడి నియ్యవలెను. మూడవది, గాలి కలియని డీజిలు సరియైన సమయమునకు అందవలెను. ఈ మూడింటిలో ఏది తప్పినదో తెలిసికొనుటయే రోగము గుర్తించుట.

బ్యాటరీ తరువాత నేను హీటరు ప్లగ్గులను అనుమానించితిని. కనిగిరిలో ఒక ఎలక్ట్రీషియను వాటి తీగె విప్పి, బ్యాటరీనుండి ఒక బల్బు మీదుగా ఒక్కొక్క ప్లగ్గునకు కరెంటు నిచ్చి చూచెను. నాలుగింటిలో రెండింటియొద్ద బల్బు వెలుగలేదు. అవి రెండును చచ్చినవని మార్చెను. వారము దినములు బండి చక్కగా లేచెను. ఆ వారమంతయు నేను జలుబుతో పడుకొని యుంటిని; రాత్రి బండిని నిలిపినది ఎవరో, ఏ వైపు మొగము పెట్టెనో చూడలేదు. లేచి తిరుగసాగినంతనే మరల జబ్బు మొదలాయెను. ఆ రెండు ప్లగ్గులు నిజముగానే చచ్చినవి. వాటిని మార్చుట మంచిదే. అయితే ఒక తప్పు కనబడినంత మాత్రమున అదే మన వెదకు తప్పని నమ్మరాదు.

మూడవసారి నేను మనిషిని అనుమానించితిని.

“డీజిల్లో కిరసనాయిలు కలుస్తా ఉందేమో చూసుకోండి అయ్యగారూ,” అని ఎవరో అనిరి. ఎవరనిరో ఇప్పుడు జ్ఞాపకము చేసికొనుట అనవసరము, నమ్మినది నేను. డీజిలు తెచ్చి పోయువాడు ఆ కుర్రవాడే గదా! 2018 జనవరిలో ఒక సాయంకాలము అతని చేతిలో డీజిలు వాసన కొట్టుచున్న పాతగుడ్డ నొకదానిని చూచితిని.

“ఇదేందిరా?”

“బండి తుడిచిన గుడ్డ అయ్యగారూ.”

“బండికి డీజిలెక్కడ కారుతుందిరా, నువ్వు తుడవడానికి? కింద ఒక్క చుక్క లేదు.”

“కారడం లేదయ్యగారూ, ముందర పైపు కాడ కొంచెం...”

నేను వినలేదు. అతని తల్లిని పిలిపించితిని. ఆ వేళ ముగ్గురు సంఘ పెద్దలు మా వసారాలో కూర్చుండియుండిరి. వారందరి యెదుట, “డీజిలు అమ్ముకుంటున్నావా? నిజం చెప్పు,” అని అడిగితిని. అడిగితిని అనుచున్నాను గాని, అది ప్రశ్న కాదు; తీర్పే. కుర్రవాడు నేలను చూచి నిలిచెను. తల్లి కొంగు నోటికి అడ్డము పెట్టుకొనెను. మూడవ దినమున అతడు మేస్త్రీతోకూడ కట్టడపు పనికి హైదరాబాదు బస్సెక్కి పోయెను.

అతడు పోయిన తరువాత బండి ప్రతి ఉదయమును మొండికేయసాగెను. అది నాకు ఆశ్చర్యము కలిగింపవలసినది. దొంగ పోయిన పిమ్మట దొంగతనము తగ్గవలెను గదా! నేనంతవరకు ఆలోచింపలేదు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, ఒంటిగంట దాటిన తరువాత, చంద్రశేఖరపురము దారిలోని యొక పల్లెనుండి ఫోను వచ్చెను. మా సంఘములో అందరికంటె పెద్దదియైన అవ్వ అవసానదశలో నుండి నన్ను చూడగోరుచున్నదని చెప్పిరి. నా మొదటి ప్రసంగము విని, “ఇంకా గట్టిగా చెప్పు నాయనా, యెనక వాళ్ళకి వినపళ్ళా,” అని చెప్పినది ఆమెయే. బండియొద్దకు పరుగెత్తితిని. హీటరు వేసి, తాళము త్రిప్పితిని. తిరిగెను, తిరిగెను, లేవలేదు. బండి మొగము మందిరమువైపు ఉండెను. ఎత్తునకు తోయుటకు వీలు లేదు. వీధిలో ఒకరిని లేపి మోటారుసైకిలు అడిగి తీసికొని, అతని వెనుక కూర్చుండి పోవునప్పటికి తూర్పు తెల్లబారుచుండెను. అవ్వ అప్పటికి అరగంట ముందుగా వెళ్లిపోయినది. ఆమె కుమార్తె, “తలుపు వైపే చూస్తా ఉండింది అయ్యగారూ,” అని మాత్రము అనెను.

నూనె లేక దివిటీలు ఆరిపోయిన కన్యకలను గూర్చి నేను ఎన్నియో సారులు ప్రసంగించియున్నాను. ఆ రాత్రి నా బండి టాంకు నిండ డీజిలుండెను. ఉన్నది అందవలసిన చోటికి అందలేదు.

మరునాడు, పామూరులో చిరకాలముగా ట్రాక్టర్లు బాగుచేయుచున్న యొక ముసలి సాయిబుగారి యొద్దకు పోతిని. ఆయన వచ్చి బానెట్టు ఎత్తలేదు. గట్టుమీద కూర్చుండి నన్ను ప్రశ్నలడిగెను.

“తిప్పేటప్పుడు యెనక పొగ వస్తా ఉందా అయ్యగారూ? ఏ రంగు?”

“చూడలేదండీ.”

“మూణ్ణెల్ల నుంచి తిప్పతా ఉండారు, ఒక్కసారి యెనక్కి తిరిగి చూళ్ళేదా?”

చదువరీ, ఆ ప్రశ్నకు నేను తల వంచుకొంటిని. తరువాత ఆయన చెప్పిన సంగతి వ్రాసి పెట్టుకొనుము. త్రిప్పుచున్నప్పుడు తెల్లని పొగ వచ్చినయెడల, డీజిలు లోపలికి పోవుచున్నది గాని అంటుకొనుట లేదు. హీటరు ప్లగ్గులను, సిలిండరు బిగువును, పంపు టైమింగును చూడవలెను. లేచిన తరువాత నల్లని పొగ విడువనియెడల, గాలి చాలుటలేదో డీజిలు మించుచున్నదో చూడవలెను. ముందుగా గాలి ఫిల్టరు విప్పవలెను. ఏ పొగయు రానియెడల, డీజిలే పోవుట లేదు. నన్ను త్రిప్పుమని ఆయన వెనుక నిలిచి చూచెను. పొగ లేదు.

“డీజిలు అందడం లా. రాత్రి బండి ఏ వైపు మొగం పెట్టి నిలిపినారు?”

నాకు గుండె ఝల్లుమనెను. “ఇట్లే, మందిరమువైపే,” అంటిని.

“వీధి వైపు పెట్టిన దినాన లేచిందా?”

ఆ ప్రశ్నకు జవాబు నా నోట రాలేదు.

ఆయన ఫీడు పంపునకు ముందు ఒక మూర పొడవు తెల్లని ప్లాస్టిక్కు గొట్టమును తగిలించి, చేతి మీటను కొట్టి, సెల్ఫు త్రిప్పించెను. ఆ గొట్టములో డీజిలుతోకూడ, గోళీసోడా కొట్టినట్లు బుడగలు పరుగెత్తుచుండెను. నీటివంటి వస్తువును అదిమిన అది లొంగదు. గాలిని అదిమిన ముడుచుకొనును. పంపులో గాలి చేరినయెడల పంపు దానిని అదుముచునే యుండును గాని, ఇంజెక్టరును తెరువదగిన ఒత్తిడి పుట్టదు. కాబట్టి లోపల తుంపర లేదు, మంట లేదు, పొగ లేదు.

కంత ఎక్కడ? ఛాసీవెంట వచ్చు ఇనుప గొట్టమునకును ఫీడు పంపునకును నడుమ జానెడు రబ్బరు గొట్టము కలదు. దాని క్లిప్పు చుట్టు తడిమట్టి పేరుకొని యుండెను. అది పీల్చు వైపు గొట్టము. పీల్చు వైపున కంతయున్నయెడల డీజిలు ధారగా బయటికి కారదు. గాలి లోపలికి పోవును. నేలమీద చుక్క పడదు గనుక యజమాని నిశ్చింతగా నుండును. రాత్రి బండి నిలిచినప్పుడు, ముందు భాగము ఎత్తున నుండినయెడల ఆ కంతగుండ గాలి చొరబడి, గొట్టములోని డీజిలు వెనుకనున్న టాంకులోనికి జారిపోవును. వెనుక భాగము ఎత్తుననుండినయెడల, టాంకు పైకి వచ్చును గనుక డీజిలు గొట్టములోనే నిలుచును. క్లిప్పు దగ్గర చెమట పట్టినట్లు కొంచెము తడి మాత్రము ఊరును. ఆ తడినే ఆ కుర్రవాడు ప్రతి ఉదయమును గుడ్డతో తుడిచినది.

సాయిబుగారు గొట్టము ఊడదీసి వంచి చూపెను. లోపల ఉబ్బి, మెత్తబడి, క్లిప్పు క్రింద చీలియుండెను.

“ఇది డీజిలు పైపు కాదయ్యగారూ, నీళ్ళ పైపు. డీజిలు తగిలితే నాని పోతాది. ఎవురేసినారు దీన్ని?”

“నేనే,” అంటిని.

2015లో ఒకసారి దారిలో పాత గొట్టము పగిలినప్పుడు, బోరు మోటార్ల అంగడిలో ఒక ముక్క కోయించి నా చేతులతోనే తొడిగితిని. ఇప్పటికి గడవనీ, ఊరు చేరిన తరువాత మంచిది వేయింతమనుకొంటిని. బండి నడిచెను గనుక మరచితిని.

సరియైన గొట్టము, రెండు క్లిప్పులు, ఫిల్టరు మూతకు క్రొత్త రాగి వాషర్లు వేసెను. ఫిల్టరు మీది మర వదులు చేసి, బుడగలు పోయి నిండు డీజిలు వచ్చువరకు చేతి మీటను కొట్టెను. తరువాత పంపు మర, ఆ తరువాత ఇంజెక్టరు గొట్టముల నట్లు వదులు చేసి గాలి తీసి బిగించెను. ఆ వేళ నన్ను చేయి అడ్డము పెట్టవద్దని హెచ్చరించెను. ఆ ఒత్తిడితో చిమ్ము డీజిలు చర్మమును దూసికొని లోపలికి పోగలదు. తాళము త్రిప్పితిని. ఒక్క పిలుపునకే లేచెను. నాకు సంతోషము కలుగలేదు.

ఆ సాయంకాలమే విధవరాలి యింటికి పోయి, జరిగినది చెప్పి, క్షమించుమని అడిగితిని. ఆమె చాలసేపటికి, “నా బిడ్డ దొంగ కాదని నాకు తెలుసు అయ్యగారూ. మీకు తెలవాలని ఉండింది,” అనెను. ముగ్గురు పెద్దల యెదుట నేను నింద మోపితిని గనుక, ఆ ఆదివారము ఆరాధనలో వారు వినునట్లుగా, సంఘమంతయు వినునట్లుగా, తప్పు నాదని నిలిచి చెప్పితిని. అవ్వను గూర్చియు చెప్పితిని. తరువాత ఆ కుర్రవానికి ఫోను చేసితిని. సంగతి విని అతడు కొంతసేపు మాటలాడలేదు.

“నీళ్ళ పైపు కాడేనా అయ్యగారూ?”

“అవును నాయనా.”

“నేను అనుకుంటానే ఉండా.”

“మరి చెప్పలేదేమిరా?”

“చెప్పబోయినా అయ్యగారూ.”

నిజమే. అతడు రెండుసారులు చెప్పబోయెను. రెండుసారులును నేను మాట త్రుంచితిని.

ఆ యేటి ఈస్టరు పండుగకు అతడు వచ్చెను. మా యింట భోజనము చేసెను. బానెట్టు ఎత్తి గొట్టమును వ్రేలితో తడవి చూచి, మరల మూసెను. ఇక్కడ ఉండుమని అడిగితిని గాని, ఉండలేదు. ఇప్పుడు హైదరాబాదులోనే ఒక వర్క్‌షాపులో పనిచేయుచున్నాడు. అప్పుడప్పుడు ఫోను చేయును. నేను పాడుచేసినది పూర్తిగా బాగుపడినదని నీతో చెప్పలేను.

చదువరీ, నీ పాత డీజిలు బండి చలిలో లేవనప్పుడు ఈ వరుసను పాటింపుము. మొదటి త్రిప్పునే జాగ్రత్తగా వినుము. సెల్ఫు బరువో చురుకో తెలియును. వెనుకకు పోయి పొగను చూడుము. హీటరు ప్లగ్గులను ఒక్కొక్కటిగా పరీక్షింపుము. బుడగలున్నవో లేవో తెల్లని గొట్టముతో చూడుము. పీల్చు వైపున ప్రతి రబ్బరును, ప్రతి క్లిప్పును, ప్రతి వాషరును తడవుము. ఇవన్నియు సరిగా నున్న తరువాతనే పంపును, ఇంజెక్టర్లను, సిలిండరు బిగువును తెలిసినవానికి చూపుము. అవి ఖర్చుతో కూడినవి. పెట్రోలు గుడ్డ గాలి ఫిల్టరునొద్ద పెట్టి లేపుటకు మాత్రము ఎన్నడును యత్నింపకుము; కాగిన హీటరు ప్లగ్గులకు అది తగిలిన ఇంజను పగులవచ్చును, ముఖము కాలవచ్చును. అన్నిటికంటె ముందు, ఆ బండిని దినదినము ముట్టుకొనువాని నడుగుము; అడిగిన తరువాత అతడు చెప్పి ముగించువరకు ఊరకుండుము.

గొట్టము మార్చిన పిమ్మట మా బండి ఏ వైపు మొగము పెట్టినను లేచును. అయినను ప్రతి రాత్రియు నేను దానిని త్రిప్పి, మొగము వీధివైపుననే నిలుపుచున్నాను.